వరస తప్పిన అక్షరాలు

అరవై ఎనిమిదిలో దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున మా మావయ్యగారు గుమ్మం దిగుతూ ఆగి, వెనక్కి తిరిగి అన్నారు.

"చూడు కామేశ్వరీ, బడిలో నన్ను మావయ్యా అనకూడదు. ఇంట్లో నేను నిన్ను పంతులమ్మా అనను. సరేనా?"

సరేనన్నాను. నవ్వొచ్చింది గానీ కొత్త కోడలిని, కొత్త పంతులమ్మని, రెండు విధాలా నవ్వకూడదు. ఆయన గొడుగు పట్టుకుని ముందు నడిచారు. నేను నాలుగడుగులు వెనక నడిచాను.

మా ఊరు బొంతలవలస ఆమదాలవలస నుంచి శ్రీముఖలింగం వైపు పోయే దారిలో ఉండేది. పెంకుటి బడి, రెండు గదులు, ఒక వసారా. మా మావయ్యగారు అప్పలనరసింహం మేష్టారూ ఆ బడీ చుట్టుపక్కల వాళ్ళకి ఒకటే. ఊళ్ళో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టగలిగిన ప్రతి మనిషికీ అక్షరాలు దిద్దించింది ఆయనే. మా ఆయన భావనారాయణ విజయనగరంలో ఒక ఆఫీసులో గుమాస్తా. నేను అక్కడే ట్రైనింగు అయ్యాను. రెండో టీచరు ఖాళీ మా మావయ్యగారి బళ్ళోనే వచ్చేసరికి, కోడలు ఇంటిపట్టునే ఉంటుందని అందరూ సంబరపడ్డారు. మా ఆయన మాత్రం, "నెలకోసారి నేనొచ్చేసరికి మీ ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే చాలు" అన్నారు.

మావయ్యగారు నాకు ఒకటో తరగతి ఇచ్చారు. ఆయన పద్ధతి నాకు తెలుసు. పిల్లల ముందు ఇసక పోసి, చూపుడు వేలు పట్టుకుని, అ దగ్గర మొదలుపెడతారు. ఒక అక్షరం బాగా వస్తేనే రెండోది. కొట్టరు, తిట్టరు. కానీ వరస తప్పనివ్వరు. దసరాకి పిల్లలు అచ్చుల్లో సగం దాటారు. వాళ్ళకి ఒక్క మాటయినా చదవడం మాత్రం ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక వసారాలో ఆయన దగ్గర నిలబడ్డాను.

"మేష్టారండీ, ఒకటో తరగతికి మాటలతో మొదలుపెడతానండి. మాకు ట్రైనింగులో నేర్పారు. పలక, వల, జడ, ఇలా తెలిసిన మాట చూపించి, అందులోంచి అక్షరం విడదీసి..."

"అక్షరాలకి వరసుందమ్మా. పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదది."

"వరస తరవాత చెప్పొచ్చు కదండీ."

ఆయన గొడుగు మడత సరిచేశారు. "కోతలు ముగిసేలోపు డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. వేసవికి నేను దిగిపోతాను. ఇదే నాకు ఆఖరి తనిఖీ. ఇన్నేళ్ళలో ఒక్క ఇన్‌స్పెక్టరు చేతా మాట పడలేదు నేను." అని కొంచెం ఆగి, "ఆయన వచ్చేవరకూ నీ పద్ధతి చూడు. పిల్లలు నోరు మెదపకపోతే మర్నాటి నుంచి ఇసకే. నువ్వు మూడో తరగతి లెక్కలు చూసుకుందువు గాని" అన్నారు.

ఆయన ఒప్పుకున్నారని సంతోషించాలో, బెదిరించారని భయపడాలో తెలియలేదు. రెండూ పడ్డాను.

మాటలు రాయడానికి అట్టలు కావాలి. బడిలో ఏమీ లేవు. మా అత్తగారు చూడామణమ్మ అటక మీంచి పాత శుభలేఖలు, కేలండర్లు దింపారు. చింతపిక్కల జిగురు ఉడికించి, రెండేసి కాగితాలు కలిపి అతికించి, పెరట్లో ఎండబెట్టేవారు. ఆవిడది శ్రీముఖలింగం. వాళ్ళ నాన్న గుళ్ళో పాడేవారట. ఇంట్లో పాట ఉంది, ఆడపిల్లకి చదువు లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరటి వసారాలో కూచుని నేను రాస్తున్నాను, ఆవిడ అతికిస్తున్నారు.

"ఇదేటే?"

"పలక, అత్తయ్యా."

"ఇదీ?"

"వల."

"ఈ చివర్ది పలకలో మధ్యనున్నాది కదే."

"ఊఁ, అదే ల" అన్నాను తలెత్తకుండా. నా బుర్రంతా మర్నాటి పాఠంలో ఉంది.

ఆవిడ అట్ట ఎండలోకి జరిపి, "పెళ్ళయిన కొత్తలో మీ మావగారు నాకూ ఇసక పోసేరు" అన్నారు నవ్వుతూ. "ఋ దగ్గరకొచ్చేసరికి నా వల్ల కాలేదు. అది ఎక్కడా వాడనిది, చూడనిది. పది సార్లు దిద్దినా మెలిక తిరగదు. ఏడ్చీసేను. నీకు చదువు అబ్బదు చూడామణీ అన్నారు. కోప్పడి కాదులే. ఈ జ్వరం ఇంతేనమ్మా అని వైద్యుడు చెప్పినట్టు చెప్పేరు."

"మళ్ళీ మొదలుపెట్టలేదా?"

"పిల్లడు పుట్టేడు. పని. ఇంకేటి మొదలెడతాం!" అని, ఇంకో కాగితానికి జిగురు రాస్తూ, "పడవ పెట్టవే. ఆ గుంటలందరూ వంశధార దాటినోళ్ళే. ఎవరికి తెలీదు?" అన్నారు.

పడవ పెట్టాను. ఆ తరవాత ప్రతి వారం ఆవిడ మాటలు చెప్పేవారు, నేను రాసేదాన్ని. చేట, గంప, రోకలి, కోడి, పాలు, మేక. ఆ అట్టలు ఎండాక పోగులు పెట్టేది కూడా ఆవిడే. ఏ పోగులో ఏది ఉందో అడిగితే చెయ్యి పెట్టి తీసి ఇచ్చేవారు. జ్ఞాపకం మంచిదనుకున్నాను.

బళ్ళో పిల్లలు హుషారుగా ఉన్నారు. అట్ట చూపిస్తే అరుస్తున్నారు. అయితే అరుపు వేరు, చదవడం వేరు అని నాకూ తెలుసు. అట్ట మీద జిగురు మరక చూసి 'మేక' అని గుర్తుపట్టేవాడు ఎల్లాజీ. అట్ట మారిస్తే తెల్లమొహం వేసేవాడు. అలాంటి వాళ్ళని చూసినప్పుడు, మావయ్యగారి ఇసకే నయమేమో అని కూడా అనిపించేది.

ఇంతలో కోతలు వచ్చాయి. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ పొలాల్లో, పిల్లల్లో సగంమంది వాళ్ళ వెనక. ఒక ఉదయం మరిడమ్మ తల్లి దేముడమ్మ కొడవలి చేతిలో ఉండగానే బడి వసారాలోకి వచ్చింది. మరిడమ్మ ఒకటో తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల.

"ఏటి పంతులమ్మా, మా గుంటని అ ఆలు సెప్పమంటే పడవ, జడ అంటాది. పడవలూ జడలూ మాకు తెలవ్వేటి? పంతులుగారు సెప్పినన్నాళ్ళూ అ కాడ్నించి గడగడా అప్పసెప్పీవోరు పిల్లలు."

"చదువుతోంది దేముడమ్మా. నువ్వు ఏదైనా చూపించి చూడు."

"నాకొచ్చేటి సూపించడానికి? ఇనడానికి సెవులున్నాయి, ఇంటే అ ఆలు ఇనాల. కోతలకి మడుసులు సాలక సస్తన్నాం. దీన్ని సంటోడి కాడ కూకోబెట్టుకుంటాను."

అవతలి గదిలోంచి మావయ్యగారు వచ్చారు. దేముడమ్మ కొడవలి వెనక్కి పెట్టుకుంది.

"దాన్ని మాన్పించకు. పొద్దున్న పూట పంపు, మధ్యాహ్నం నీ దగ్గరుంచుకో" అన్నారు. "ఇన్‌స్పెక్టరు గారు వచ్చి వెళ్ళాక అ ఆలు నేనే చెప్తాను."

"మీరు సెప్తానంటే పంపుతాను బాబూ."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన నా వైపు చూడకుండా తన తరగతికి వెళ్ళిపోయారు. ఆ మాట అబద్ధమేం కాదు, ముందే చెప్పినదే. కానీ పిల్లల ముందు, వాళ్ళమ్మ ముందు అలా వినేసరికి చేతిలో అట్ట కింద పెట్టేశాను. ఆ రోజు రాత్రి మా అత్తగారు వడ్డిస్తూ ఇద్దరి మొహాలూ చూసి, "బడి గొడవ బడిలో వదిలీసి రాకూడదా?" అన్నారు. మావయ్యగారు మజ్జిగ పోయించుకుని లేచిపోయారు.

ఆ వారంలోనే విజయనగరంలో మా అత్తగారి తమ్ముడి కూతురి పెళ్ళి. ముగ్గురం బయల్దేరాం. మా ఊరి జోగయ్య బండి కట్టి మమ్మల్ని ఆమదాలవలస స్టేషను దగ్గర దింపి వెళ్ళిపోయాడు. ప్లాట్‌ఫారం మీద బియ్యం బస్తాలు, బుట్టలు, జనం. మావయ్యగారు టిక్కెట్లకి వెళ్ళారు. మా అత్తగారు అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. కాసేపటికి లేచి, ప్లాట్‌ఫారం చివరికంటా నడిచి, అక్కడ నిలబడి పైకి చూసి, గబగబా తిరిగొచ్చారు. అప్పుడే మావయ్యగారూ టిక్కెట్లతో వచ్చారు.

"ఏమండీ, ఆ జోగయ్య మనల్ని తప్పు చోట దింపీసేడు" అన్నారు.

"తప్పు చోటేటి?"

"ఇది ఆమదాలవలస కాదు."

"కాక?"

"అక్కడ వేరే పేరు రాసుంది. శ్రీకాకుళం అనున్నాది. పక్కన ఇంకేదో రో, డ..."

మావయ్యగారు గట్టిగా నవ్వేశారు. "ఓసి నీ! ఊరు ఆమదాలవలసే. స్టేషనుకి పెట్టిన పేరు శ్రీకాకుళం రోడ్డు. శ్రీకాకుళం పోయేవాళ్ళు ఇక్కడ దిగుతారు కదా, అందుకని..."

టిక్కెట్లు చేతిలో పట్టుకుని ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడిపోయారు.

ఆవిడ బోర్డు చదివారు. మా అత్తగారికి మాత్రం అదేం తెలియలేదు. "అలాగా! ముందే చెప్పొద్దా? పెళ్ళి వేళకి అందమేమోనని హడిలిపోయేను" అని మళ్ళీ డబ్బా దగ్గర కూచున్నారు.

మావయ్యగారు కళ్ళజోడు తీసి, కండువాతో తుడిచి, పెట్టుకున్నారు. నా వైపు చూశారు. నేనేం నేర్పలేదండీ అన్నట్టు తల అడ్డంగా ఊపాను. నిజంగానే నేను నేర్పలేదు. అట్టలు అతికించమన్నాను, అంతే.

పాసెంజరు వచ్చింది. ఎప్పుడు రైలెక్కినా కిటికీ పక్కన మావయ్యగారే కూచుంటారు. ఆ రోజు ఎక్కగానే పక్కకి జరిగి, "నువ్వక్కడ కూచో" అన్నారు మా అత్తగారితో.

"బొగ్గు నలుసులు కళ్ళల్లో పడతాయి. మీరే కూచోండి."

"కూచోమన్నానా."

కూచున్నారు. బండి కదిలి, మొదటి స్టేషనులో ఆగింది. ఆవిడ పెదాలు కదిపారు. "దూ... సి. దూసి!" అని, తనలో తనే నవ్వుకున్నారు. తరవాత పొందూరు వచ్చింది. పొ పక్కన సున్న చూసి 'పొందూరా?' అని మమ్మల్ని అడిగారు. సిగడాం కూడా చదివేశారు. మావయ్యగారు సరిచెయ్యలేదు. ఆవిడ వెనకనుంచి ఆయన కూడా వంగి ప్రతి బోర్డూ చూస్తున్నారు, ఆయనకే కొత్తగా చదువొస్తున్నట్టు.

చీపురుపల్లిలో ఆవిడ ఆగిపోయారు.

"చీపురు... ప... లి. ఆ లి కింద ఇంకేదో వేలాడతన్నాది."

"అది ఒత్తు" అన్నారు ఆయన. "ల కింద ల. రెండూ కలిపి అను."

"పల్లి. చీపురుపల్లి!" అని, ఆయన వైపు తిరిగి, "ఇంతేనా అండీ?" అన్నారు.

"ఇంతే" అన్నారు మావయ్యగారు.

విజయనగరంలో మా ఆయన ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్నారు. మా అత్తగారు కిటికీలోంచే కొడుకుకి వినపడేటట్టు 'విజయనగరం' అని చదివారు. మా ఆయన డబ్బా అందుకుంటూ, "అమ్మకేమయింది నాన్నా?" అన్నారు.

"మీ ఆవిణ్ణడుగు" అన్నారు మావయ్యగారు.

పెళ్ళి నుంచి వచ్చాక మావయ్యగారు రోజూ కాసేపు నా తరగతి గుమ్మంలో నిలబడేవారు. ఒకసారి మాత్రం ఎల్లాజీ దగ్గర కూచుని, వాడి అట్ట మీది మాటే నేల మీద సుద్దతో రాసి చూపించారు. వాడు తెల్లమొహం వేశాడు. "అట్ట గుర్తుపడుతున్నాడు, అక్షరం కాదు. ఒకే మాట నాలుగుచోట్ల రాయి" అన్నారు నాతో. ఆ సంగతి నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి అట్టల మీదా, నేల మీదా, పలకల మీదా, గోడ మీదా రాశాను.

కుప్పలు పడుతున్న రోజుల్లో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు నారాయణమూర్తి గారు వచ్చారు. పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడతారు. అంచేత ఇంకా భయమేసింది. పై తరగతులు చూసి, నా దగ్గరికి వచ్చి, ముందు వరసలో ఉన్న మరిడమ్మని లేపారు.

"అ ఆలు చెప్పమ్మా."

మరిడమ్మ దసరాకి ముందు దిద్దిన సగం అచ్చులూ చెప్పింది. తరవాత నా వైపు చూసింది. అక్కడితో ఆగిపోయింది. ఇంకో పిల్లని లేపితే అదీ అంతే. ఇన్‌స్పెక్టరు గారు వెనక్కి తిరిగారు.

"ఏమిటిది మేష్టారూ? మీ బడిలోనా?"

నేను నోరు తెరిచాను. ఈ పని నాదండీ, ఆయనది కాదండీ అనబోయాను. మావయ్యగారు నాకంటే ముందే ఒక అడుగు ముందుకేశారు.

"మా బడిలోనే అండి. ఈ ఏడు పద్ధతి మార్చాం. వరస ఇంకా చెప్పలేదు, చదవడం చెప్పాం. తమరు బోర్డు మీద ఏదైనా రాసి చూడండి."

మార్చాం అన్నారు. చెప్పాం అన్నారు. నేను సుద్దముక్క తీసి అందించాను.

ఇన్‌స్పెక్టరు గారు సుద్ద తీసుకుని కిటికీలోంచి బయటికి ఒకసారి చూసి, 'మా ఊరిలో కోతలు అవుతున్నాయి' అని రాశారు. మరిడమ్మ వేలు గాలిలో పెట్టి ఒక్కొక్క మాటా పట్టుకుంటూ చదివింది. "మా... ఊరిలో... కోతలు... అవుతన్నాయి."

"అవుతున్నాయి అని ఉంది కదమ్మా. మళ్ళీ చూడు."

మరిడమ్మ మళ్ళీ చూసింది. "అలగే ఉన్నాదండి. మేం అవుతన్నాయనే అంటాం" అంది.

ఇన్‌స్పెక్టరు గారు నవ్వారు. పిల్లలు కూడా నవ్వారు. "అయితే నోటికి కాదు, అర్థానికి చదువుతోంది" అన్నారాయన. తరవాత ఇంకొందరిని లేపారు. కొందరు చదివారు. కొందరు సగంలో ఆగారు. ఎల్లాజీ 'మా' దాటలేదు. వెళ్ళేముందు, "బాగానే ఉంది. వేసవిలోపు వరస కూడా నేర్పండి. రేపు నిఘంటువు చూడాలంటే వరస కావాలి కదా" అన్నారు.

"నేనూ అదే అన్నానండి" అన్నారు మావయ్యగారు, నా వైపు ఓరగా చూసి.

నిజమే, అన్నారు. వరసా నేర్పాం. మాటలు చదవడం వచ్చిన పిల్లలు దాన్ని పాటలా పాడుకుని కొద్ది రోజుల్లోనే పట్టేశారు. దేముడమ్మ వసారా బయట నిలబడి అ నుంచి చివరిదాకా విని, "ఇప్పుడు సదువులాగున్నాది" అని వెళ్ళింది. ఆ తరవాత నా సర్వీసులో ఎన్నో కొత్త పద్ధతులు చూశాను. పెట్టెలతో వచ్చినవి, శిక్షణలతో వచ్చినవి, ఆర్డర్లతో వచ్చినవి. కొన్ని నిలిచాయి, ఎక్కువ బీరువాల్లో ఉండిపోయాయి. ఏది వచ్చినా, ఇది మాది అని మొదట ఎవరంటారా అని చూసేదాన్ని.

తనిఖీ అయిన రోజు సాయంత్రం ఇంటికి నడుస్తూండగా, ముందు నడుస్తున్న మావయ్యగారు ఆగి నన్ను తనతో కలవనిచ్చారు.

"కామేశ్వరీ, వేసవి దాకా ఒకటో తరగతి నాకిచ్చెయ్యి."

నా మొహం వాడిపోయి ఉండాలి.

"ఇసక్కి కాదే" అన్నారు, దారిలోనే ఇంటి మాట వాడేసి. "ఎల్లాజీ లాంటి వాళ్ళున్నారు. కోతల్లో మానేసిన వాళ్ళున్నారు. నేనూ ఓసారి ఇలాగ చెప్పి చూసి దిగిపోతాను. నువ్వు పక్కనుండు."

ఇంటికి వెళ్ళాక కాళ్ళు కడుక్కుని, అట్టలూ కలమూ సిరాబుడ్డీ పట్టుకుని వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూచున్నారు. మా అత్తగారు పొయ్యి ముందున్నారు. నేను కూరలు తరుగుతున్నాను.

"చూడామణీ, నాలుగు మాటలు చెప్పు."

"ఏం మాటలు?"

"సున్న రాని పిల్లలున్నారు. వాళ్ళకి."

"నన్నడుగుతారేటండీ? నాకేటి తెలుసు?"

"నీకే తెలుసు. నాకు ఊహ తెలిసేసరికే చదువొచ్చీసింది. రాకపోతే ఎలా ఉంటుందో, వస్తే ఎలా వస్తుందో నాకు గుర్తు లేదు."

మా అత్తగారు పొయ్యిలో పుల్ల ఎగదోశారు. "వంట" అన్నారు. "పంట. మంట. ఒకటొస్తే మూడూ వస్తాయి."

మావయ్యగారు తల వంచుకుని రాశారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆయన భుజం మీదుగా చూశారు.

"ఇంత చిన్నగానా? పెద్దగా రాయండి. చిన్నపిల్లలు కదా."

మావయ్యగారు ఆ అట్ట తిరగేసి, రెండో వైపు మళ్ళీ పెద్దగా రాశారు.